లెఫ్టినెంట్ బ్రాడ్లీ నీటిరంగుల నౌకలు

మా అబ్బాయి నాలుగో తరగతి హోంవర్కు పుణ్యమా అని ఈ బొమ్మ పియారా వాటర్స్‌లోని మా ఇంటికొచ్చింది. 1788 జనవరిలో బ్రిటిష్ 'ఫస్ట్ ఫ్లీట్' బోటనీ బేలోకి వస్తున్న దృశ్యం. వేసినవాడు అదే దళంలో సిరియస్ నౌక మీద వచ్చిన లెఫ్టినెంట్ విలియం బ్రాడ్లీ. అసలు ప్రతి సిడ్నీలోని రాష్ట్ర గ్రంథాలయంలో, ఆయన యాత్రా గ్రంథంలో ఉంది. అందులో ఇలాంటి నీటిరంగుల చిత్రాలు 29.

బ్రాడ్లీ వృత్తిరీత్యా చిత్రకారుడు కాడు. తీరాలు కొలిచి పటాలు గీసిన నావికాధికారి. ఆ చెయ్యే ఇక్కడా పనిచేసింది. బొమ్మ పేరే పద్దుపుస్తకంలో వాక్యంలా ఉంటుంది: ఏ నౌకలు లోపలికి వస్తున్నాయి, ఏవి ముందే చేరాయి, తేదీ ఏమిటి. టర్నర్ సముద్రం చూస్తే కడుపులో తిప్పుతుంది. బ్రాడ్లీ సముద్రం మీద లెక్కలు రాసుకోవచ్చు.

"నాన్నా, ఖైదీలెక్కడ?" అన్నాడు మావాడు.

పదకొండు ఓడల దళం. 700కు పైగా ఖైదీలు. బొమ్మలో వాళ్ళ జాడ లేదు. మనుషుల్ని గీయడం రాక కాదు. పోర్ట్ జాక్సన్ తీరంలో స్థానిక స్త్రీలను మొదటిసారి కలిసిన సందర్భాన్ని ఇదే బ్రాడ్లీ చిత్రించాడు. అంటే ఓడల బొమ్మలో ఖైదీలు లెక్కలోకి రాలేదు, అంతే. ఈ చిత్రంతో నా పేచీ అక్కడే.

ఆయన జీవితం మాత్రం విచిత్రంగా తిరిగింది. రియర్ అడ్మిరల్ హోదాతో విరమించాక, 1814లో ఓడల్లో వచ్చే ఉత్తరాల పేరిట తపాలా శాఖను మోసగించిన నేరం రుజువై మరణశిక్ష పడింది. దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చారు. 1822లో క్షమాభిక్ష దొరికినా స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. 1833లో ఫ్రాన్సులోని లె హావ్ర్‌లో పోయాడు. ఇది తెలిశాక బొమ్మలో ఏదో ముందుచూపు వెతకాలనిపిస్తుంది. అది సరికాదు. 1788లో ఆయన డెక్కు మీద నిలబడ్డ అధికారి, ఆ చోటు నుంచే చూశాడు.

కోరంగి రేవు నుంచి మారిషస్‌కి, రంగూన్‌కి వెళ్ళిన మనవాళ్ళు కూడా డెక్కు మీది దొరల బొమ్మల్లో ఉండే మనుషులు కారు. బర్మాలో వాళ్ళకు మిగిలిన పేరు ఆ రేవు పేరే, 'కొరంగీలు'.

అంత దూరమెందుకు? మా మొదటి ఏడాది ఆల్బమ్‌లో కింగ్స్ పార్కుంది, కాటెస్లో బీచుంది. రాత్రి షిఫ్టులో గిడ్డంగిలో పెట్టెలు మోసిన నేను లేను. ఆ ఫోటోలు ఎంచి ఇంటికి పంపింది నేనే. అబ్బాయికి ఆ గిడ్డంగి సంగతి మొన్ననే చెప్పాను.