వేడి కొలిచే టెలిస్కోప్

ఎక్స్‌రే టెలిస్కోపులు తీసిన బొమ్మలు పత్రికల్లో వస్తే నీలం, ఊదా మెరుపులు చూసి ముచ్చటపడతాం. ఆ రంగులు తర్వాత అద్దినవే. నాకు మోజంతా బొమ్మతోపాటు ఎవరూ అచ్చువేయని గ్రాఫు మీద. ఏ శక్తి ఎక్స్‌రేలు ఎన్ని వచ్చాయో చూపే ఆ గ్రాఫులో, వేడి ఇనుము వెలువరించే ఎక్స్‌రేల గీత సన్నగా, సూటిగా నిలబడి కనిపిస్తే గంటసేపు దాన్నే చూస్తూ కూర్చోగలను.

ఆ గీతను అంత సన్నగా పట్టడం మాత్రం మహా తంటా. వాతావరణం ఎక్స్‌రేలను మింగేస్తుంది గనక పరికరం అంతరిక్షానికి వెళ్లాల్సిందే. జపాన్, నాసా శాస్త్రవేత్తలు పట్టుకున్న దారి ఇది: ఒక్కో ఎక్స్‌రే ఫోటాన్, అంటే కాంతి కణం, తగిలినప్పుడు చిన్న ముక్క ఎంత వేడెక్కిందో చూసి దాని శక్తిని లెక్కగట్టడం. నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూసినట్టే. కాకపోతే ఆ ముక్కను పరమశూన్య ఉష్ణోగ్రతకు 0.05 డిగ్రీల పైన ఉంచాలి. లేకపోతే ఆ కాస్త వేడి తెలియదు.

2000 ఫిబ్రవరిలో ఈ పరికరాన్ని మోసుకెళ్లిన ఆస్ట్రో-ఇ ఉపగ్రహం కక్ష్యకే చేరలేదు. 2005లో సుజాకు చేరింది గానీ, నెల రోజులకే చల్లబరిచే ద్రవ హీలియం మొత్తం ఆవిరైపోయింది. 2016 ఫిబ్రవరి 17న హితోమి వెళ్లింది. మార్చి 26న తన స్థితిని తానే తప్పుగా లెక్కగట్టుకుని గిర్రున తిరగసాగింది. ఆపైన థ్రస్టర్లకు అందిన తప్పుడు అంకెలతో ఇంకా జోరుగా తిరిగి ముక్కలైంది.

అయితే ఆలోపే పెర్సియస్ గెలాక్సీ గుంపును చూసేసింది. అక్కడ గెలాక్సీల మధ్య కోట్ల డిగ్రీల వాయువు నిండి ఉంటుంది. దాని బరువు ఆ గెలాక్సీల్లోని నక్షత్రాలన్నిటినీ మించుతుంది. మామూలు కాంతిలో అది అసలు కనబడదు. నడుమ ఉన్న బ్లాక్‌హోల్ ఆ వాయువులోకి పెద్ద పెద్ద బుడగలు ఊదుతోంది కదా, అదంతా కుతకుతలాడుతూ ఉంటుందనుకున్నవాళ్లు తక్కువేం కాదు. వాయువు ఎంత కల్లోలంగా ఉంటే గీత అంత వెడల్పవుతుంది. హితోమి చూపిన ఇనుము గీత వెడల్పును బట్టి లెక్కగడితే అక్కడి కల్లోలం సెకనుకు 164 కిలోమీటర్లు. మనకది భయంకరమైన వేగం, అక్కడికి నెమ్మదే. చనిపోయిన ఉపగ్రహం మిగిల్చిన ఈ ఒక్క అంకె, నేను చూసిన రంగుల బొమ్మలన్నిటికంటే నాకు విలువైనది.

2023 సెప్టెంబరు 7న అలాంటి పరికరంతోనే ఎక్స్‌రిజం ఉపగ్రహం వెళ్లింది. ఈసారి పరికరం ముందున్న కవాటం తెరుచుకోలేదు. దానికున్న పల్చటి బెరీలియం కిటికీ బలహీనమైన ఎక్స్‌రేలను అడ్డుకుంటుంది కాబట్టి ఆక్సిజన్ గీతలు అందవు. ఇనుము గీతలు మాత్రం దాటి వస్తాయి. వాటితోనే సెంటారస్ గెలాక్సీ గుంపు నడుమ వాయువు సెకనుకు 130 నుంచి 310 కిలోమీటర్ల వేగంతో అటూ ఇటూ ఊగుతోందని 2025లో తేల్చారు.