గేరు అడుగు దీపము

బండి గేరు అడుగుచున్నదని అనుభవజ్ఞులైన డ్రైవర్లు చెవితోనే కనిపెట్టుదురు. కార్బురేటరు కాలపు మారుతీ 800 వంటి చిన్నకారులో ఇంజను వేగమును చూపు ముల్లు లేకపోయినను వారికి లోటు తోచదు. ఆ విద్య అలవడని నావంటివాడు మాత్రము, ముందు అద్దము క్రింద ఒక ఎర్రని ఎల్ఈడీ నమర్చి, ఇంజను నిర్ణీత వేగమును చేరగనే అది వెలుగునట్లు చేసికొనవలసి వచ్చును.

ఇందలి సూత్రము సరళము. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు మూడు సిలిండర్లున్నచో, అది రెండు చుట్లు తిరుగులోపల ఇగ్నిషన్ కాయిలు మూడు మార్లు నిప్పురవ్వను పుట్టించును. ఆ రవ్వలను లెక్కింపగలిగినచో వేగము తెలిసినట్లే. కాయిలు నెగటివు కొసనుండి ఒక తీగను తెచ్చి, రవ్వ పుట్టు క్షణమున అచట ఎగయు వందల వోల్టుల తాకిడిని రెసిస్టరుతోను జీనరు డయోడుతోను అణచి, ఎల్ఎం 2917 అను ఐసీకి అందించినచో, అది ఒక్కొక్క స్పందనకు ఇంత యని చిన్న కెపాసిటరుతో కొలిచి, మరొక కెపాసిటరున కూడబెట్టి, వేగమున కనుపాతమైన వోల్టేజిగా మార్చి, మనము ప్రీసెట్‌తో పెట్టిన హద్దు దాటగనే దీపమును వెలిగించును. ఈ రెండవ కెపాసిటరు పెద్దదైనచో దీపము నిలుకడగా నుండును గాని ఆలస్యముగా మేలుకొనును. చిన్నదైనచో వెంటనే మేలుకొనును గాని మినుకుమినుకుమనును. మొదటి గేరులో వేగము చూచుచుండగనే పెరుగును గనుక, కొంత మినుకును సహించుటయే మేలని నేను నిశ్చయించుకొంటిని.

అయితే దీపము వెలుగుట ఒకటి, అది సత్యము పలుకుట మరొకటి. నిమిషమునకు 5000 చుట్లని పెట్టిన హద్దు నిజముగా 5000 యేనా యని ఎవరినడుగుట? ఉత్తరము ఇంటి గోడలోనే కలదు. మన ఇండ్ల కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు గలది. మూడు సిలిండర్ల ఇంజనుకు నిమిషమునకు 2000 చుట్లనగా సెకనుకు సరిగా 50 రవ్వలే. ట్రాన్స్‌ఫార్మరుతో 9 వోల్టులకు దించిన ఆ కరెంటును నాలుగు డయోడుల బ్రిడ్జి గుండ పంపినచో స్పందనలు ఇబ్బడించి, 4000 చుట్లకు సాటియగును. కాయిలు తీగకు బదులుగా వీటిని అందించి, ఈ రెండు వేగములయొద్ద ఐసీ వెలువరించు వోల్టేజిని మల్టీమీటరుతో కొలిచి, ఆ వరుసలోనే 5000కు లెక్కగట్టి హద్దును నిలుపవచ్చును.

స్వయముగా నిర్మించిన వస్తువుపై మనకు మక్కువ యెక్కువ. ఆ మక్కువయే అది చెప్పినదెల్ల నమ్మించును. కావున మన చేతితో చేసినదానిని మన చేతిలో లేని ప్రమాణముతో సరిచూచికొనవలెను. అంతవరకు అది డాష్‌బోర్డుకు అలంకారమే గాని పనిముట్టు కాజాలదు.