ఒక్క సెకనులో రెండు టెరాబైట్లు

"సార్, హడూప్‌లో రెండు టెరాబైట్ల ఫోల్డర్ ఒక్క సెకనులో మూవ్ అయింది. అదే పని ఎస్3లో చేస్తే తెల్లార్లూ నడుస్తోంది. క్లౌడ్ ఇంత స్లోనా?" ఈ వారం మా టీమ్ కుర్రాడు అన్న ఈ మాట నాకు చిరాకు తెప్పించింది. ఆ సెకనులో డేటా ఏదీ కదల్లేదు. హడూప్ ప్రతి ఫైలునూ మామూలుగా 128 మెగాబైట్ల బ్లాకులుగా కోసి, ఒక్కోదానికి మూడు కాపీలు చొప్పున డేటానోడ్లలో పెడుతుంది. ఎంవీ కమాండ్ కొడితే నేమ్‌నోడ్ చిట్టాలో దారి మారుతుంది, బ్లాకులు ఉన్నచోటే ఉంటాయి. పొలం కదలదు, పాసుపుస్తకంలో పేరు మారుతుందంతే.

ఎస్3 మామూలు బకెట్లలో నిజానికి ఫోల్డర్లే లేవు. ప్రతి ఆబ్జెక్టునూ కొత్త పేరుతో కాపీ చేసి పాతది చెరపాలి. మధ్యలో జాబ్ పడిపోతే సగం అక్కడ, సగం ఇక్కడ. అందుకే ఈ కాలమ్‌లో ఎన్నాళ్లుగానో పోరుతున్నాను: కాపీ చెయ్యండి, సరిచూడండి, ఆ తర్వాతే చెరపండి.

సరిచూడటం దగ్గరే అందరికీ తొందర. హడూప్ మామూలు చెక్‌సమ్ బ్లాక్ సైజును బట్టి ఉంటుంది. అదే ఫైలును వేరే బ్లాక్ సైజుతో రాస్తే అంకె మారిపోతుంది, కాపీ చేసే డిస్ట్‌సీపీ టూల్ ఆగిపోతుంది. అప్పుడు బ్లాక్ సైజును అలాగే ఉంచమని చెప్పే ఆప్షన్ ఉంది, బ్లాక్ సైజుతో సంబంధంలేని కాంపోజిట్ సీఆర్‌సీ ఉంది. అవి వదిలేసి చెక్‌సమ్ పోలికనే ఆపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆగిందే మన మంచికి కదా!

హైవ్ టేబుళ్లతో ఇంకో చిక్కు. సెట్ లొకేషన్‌తో టేబుల్ చిరునామా మార్చినా, అప్పటికే ఉన్న పార్టిషన్లు పాత చిరునామానే పట్టుకుని ఉంటాయి. క్వెరీలు పాత ఫోల్డర్నే చదువుతుంటాయి. అది చెరిపేస్తే చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు, ఆ పార్టిషన్లు ఖాళీగా కనిపిస్తాయి.

అలాగని పాతదాన్ని ముట్టుకోకుండా ఉంచేయడమూ మంచిది కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఏదో నెలాఖరు జాబు ఇంకా అక్కడే రాస్తూ ఉంటే, రెండుచోట్లా వేర్వేరు లెక్కలు పెరుగుతాయి. ఇక్కడే హడూప్ ఎంవీ అక్కరకొస్తుంది. చెరిపేముందు పాత ఫోల్డర్‌ని దాంతో వేరే పేరుకు జరిపి, ఒక నెలాఖరు దాటేదాకా ఆగండి. నేరుగా ఆ దారినుంచి చదివే జాబు ఎర్రర్‌తో పడిపోతుంది. రాసే జాబు పాత పేరుతోనే కొత్త ఫోల్డర్ పుట్టిస్తుంది, అందులో ఫైళ్ల ఓనర్ ఎవరో చూస్తే జాబు ఎవరిదో తెలుస్తుంది. పాతదాన్ని వెనక్కి తేవాల్సొస్తే ముందు ఆ కొత్త ఫోల్డర్‌ని పక్కకు తీయండి, లేకపోతే పాతది వెళ్లి దాని లోపల కూర్చుంటుంది.