చెవి కట్టిన పాట

సినిమా పాటలో 'తలపులు' అన్న మాటను 'తలుపులు'గా విన్నవాణ్ణి చూసి పక్కవాళ్లు నవ్వుతారు. 'మదిలో' అన్నచోట 'మడిలో' అని పాడుకునే రైతుబిడ్డను చూసీ, 'హృదయం' బదులు 'ఉదయం' అనుకుని ఏళ్లతరబడి ఆ పాటను ప్రేమించినవాళ్లను చూసీ అలాగే నవ్వుతారు. నవ్వడంలో తప్పేమీ లేదు, నవ్వి ఊరుకోవడంలోనే నష్టం ఉంది. పొరపాటున మరోలా విన్న మాట, ఆ మాటను పట్టుకుని కావాలనే కట్టిన పేరడీ, ఈ రెండూ కలిసి మన దగ్గర ఒక సంప్రదాయంగా నిలిచాయి. దానికి పద్ధతులున్నాయి, కొలతలున్నాయి, అలంకారశాస్త్రంతో దగ్గరి చుట్టరికమూ ఉంది. ఆ చుట్టరికాన్ని గుర్తుపట్టడానికి తిరుపతి, చిత్తూరు సీమ చాలా అనువైన చోటు. తెలుగూ తమిళమూ ఒకే వీధిలో వినిపించే సరిహద్దు ఇది. వేల సంకీర్తనలను రాగిరేకుల మీద దాచుకున్న కొండా ఇక్కడే ఉంది. పాటను మరోలా వినే చెవి కూడా ఒక రచన చేస్తుందనీ, ఆ రచనకు శ్లేష పక్కన, చాటువు పక్కన పీట వేయాలనీ ఈ వ్యాసం వాదన.

ముందు ఈ పొరపాటు ఎలా పుడుతుందో చూడాలి. మాట్లాడేటప్పుడు ఎక్కడ ఆగాలో అర్థం చెబుతుంది. పాడేటప్పుడు ఆ అధికారం తాళానిది. 'మనసారా' అన్న మాటను బాణీ రెండుగా విరిచి 'రా' మీద సాగదీస్తే, వినేవాడికి 'మనసా, రా' అన్న పిలుపు వినిపిస్తుంది. 'కలవరం' నడుమ ఒక్క లిప్త విరామం పడితే అది 'కల', 'వరం' అవుతుంది. ఇక్కడ పొరపాటు వినేవాడిది కాదు, మాటకూ బాణీకీ కుదరని పొత్తుది. రెండో కారణం ఉచ్చారణ. తెలుగు రాని గాయకులకు 'ళ' పలకడం కష్టం. వాళ్ల నోట ప్రియురాలి 'కళ్ళు' కాస్తా 'కల్లు' అయిపోతాయి, సాయంత్రం 'వేళ' 'వేల'గా మారుతుంది. మూడో కారణం మాటల పరిచయం. పాటలో గ్రాంథికపు మాట వస్తే చెవి దాన్ని ఖాళీగా వదలదు, తన ఊళ్లో రోజూ వాడే మాటను తెచ్చి ఆ ఖాళీని పూరిస్తుంది. 'మది' పుస్తకంలో మాట, 'మడి' చెరువు కింద రోజూ దిగే నేల. అందుకే ఒక ప్రాంతం వాళ్లు ఏ పాటను ఎలా మార్చి విన్నారో పోగుచేస్తే, అక్కడ ఏ మాటలు బతికి ఉన్నాయో, ఏవి పుస్తకాల్లోకి వెళ్లిపోయాయో తెలుస్తుంది.

ఈ పని మనకు కొత్తదేమీ కాదు. ఒకరు ఒక అర్థంతో అన్న మాటను ఎదుటివారు మరో అర్థంలో తీసుకోవడాన్ని మన లాక్షణికులు వక్రోక్తి అన్నారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో శబ్దాలంకారాలను చెబుతూ మొట్టమొదట దాన్నే పేర్కొన్నాడు. మాటను విడగొట్టి రెండో అర్థం తీస్తే సభంగ శ్లేష, విడగొట్టకుండానే తీస్తే అభంగ శ్లేష. పింగళి సూరన ఈ బలంతోనే రాఘవపాండవీయమనే ఒక్క కావ్యంలో రామాయణ భారతాలను రెండింటినీ నడిపించాడు. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు పైకి అసంబద్ధంగా, ఒక్కోసారి అపచారంగా కూడా వినిపించే పాదాన్ని విసురుతాడు. అవధాని ముందు పాదం చివర ఒక అక్షరం చేర్చో, పదాన్ని కొత్తచోట విరిచో దాన్ని నిర్దోషం చేస్తాడు. తిరుపతిలో అన్నమాచార్య ప్రాజెక్టుకు సంచాలకులుగా పనిచేసిన మేడసాని మోహన్ పేరుపొందిన అవధాని కూడా. పదం ఎక్కడ విరగాలో తెలియడమనే నేర్పు అవధానానికీ కావాలి, పాత సంకీర్తనను చదవడానికీ కావాలి.

పాత సంకీర్తన మాట ఊరికే అనలేదు. తాళ్లపాకవారి సంకీర్తనలు తిరుమలలో రెండు వేలకు పైగా రాగిరేకుల మీద దొరికాయి. అన్నమయ్యవే పద్నాలుగు వేల దాకా మనకు దక్కాయి. పాత తెలుగు రాతలో పదానికీ పదానికీ నడుమ ఇప్పటిలా ఎడం ఉండదు, అక్షరాలన్నీ ఒకే వరుసలో సాగిపోతాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ వరుసను పదాలుగా విడదీసి, ఒక పలుకుబడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చి అచ్చుకు ఇచ్చారు. లౌడ్‌స్పీకర్‌లో పాట వింటున్న మామూలు శ్రోత ముందున్న చిక్కూ అదే: ఎడం లేని ధ్వని ప్రవాహాన్ని పదాలుగా కోయడం. పండితుడికి నిఘంటువుంది, ఛందస్సుంది, మళ్లీ చూసుకునే తీరిక ఉంది. శ్రోతకు ఉన్నది ఒక్క క్షణం. సాధనాలు వేరైనా ఇద్దరూ చేసేది పదచ్ఛేదమే. ఒకరిది పాండిత్యమనీ ఇంకొకరిది అజ్ఞానమనీ గీత గీయడం న్యాయం కాదు.

సరిహద్దు కారణంగా ఈ సీమలో చెవికి మరింత పని పడుతుంది. నగరి, పుత్తూరు, సత్యవేడు, చిత్తూరు ప్రాంతాలకు తమిళం ఇరుగుపొరుగు భాష. కుప్పం మూడు రాష్ట్రాల కూడలిలో ఉంది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లాక గీత మారింది కానీ గాలిలో పాటలు మారలేదు. తమిళ పాటలో 'మనం' అంటే మనసు, తెలుగు చెవికి అది నువ్వూ నేనూ కలిసిన మాట. అక్కడ 'సొల్లు' అంటే 'చెప్పు', ఇక్కడ పనికిరాని వాగుడు. 'కాదల్' అంటే ప్రేమ, అది మన చెవికి 'కాదు' అన్నట్టే మొదలవుతుంది. రెండు భాషలూ వచ్చినవాడు ఒకే పాటలో రెండు పాటలు వింటాడు. డబ్బింగ్ రచయితలు జీవనోపాధిగా చేసిందీ ఈ పనే. 1950లో వచ్చిన 'ఆహుతి'కి శ్రీశ్రీ మాటలూ పాటలూ రాయడంతో తెలుగులో డబ్బింగ్ దారి తెరుచుకుంది. తర్వాత రాజశ్రీ 'రోజా' వంటి చిత్రాలతో ఆ విద్యలో ఆరితేరారు. దగ్గరగా చూపించిన ముఖంలో పెదవులు కలిసినచోట ప, బ, మ వంటి అక్షరం పడాలి, నోరు తెరిచినచోట దీర్ఘం పడాలి, ఆపైన అర్థం కుదరాలి. పరాయి భాష ధ్వనిలో మన మాటను వినగలిగినవాడికే అది సాధ్యం. ప్రపంచమంతటా ఈ సరదా ఉంది. 1954లో సిల్వియా రైట్ అనే అమెరికన్ రచయిత్రి చిన్నప్పుడు తాను తప్పుగా విన్న గేయం గురించి రాసిన వ్యాసం నుంచే ఇంగ్లీషులో ఈ పొరపాట్లకు మాండగ్రీన్ అనే పేరొచ్చింది. 2007లో ప్రభుదేవా నర్తించిన ఒక తమిళ పాటకు ఇంగ్లీషులో వినిపించినట్టు మాటలు వేసిన వీడియో దేశదేశాల్లో నవ్వులు పూయించింది. అక్కడ వింతగా తోచింది మన సరిహద్దు ఊళ్లకు దినచర్య.

వినడంలో పుట్టిన ఈ నేర్పు కావాలని కడితే పేరడీ అవుతుంది. పేరడీకి నియమాలు లేవనుకోవడం పొరపాటు. 'తలపు తలపులో నీవే, వలపు మలుపులో నీవే' అనే ప్రేమ పల్లవి ఒకటుందని ఊహించుకుందాం. నెలనెలా కిస్తు వసూలుకు వచ్చే ఫైనాన్స్ మనిషి మీద దాన్ని తిప్పి కట్టాలి. 'తలుపు తలుపుకూ నీవే, నెలకు నెలకునూ నీవే' అంటే సరిపోతుంది. మొదటి మాటలో మారింది ఒక్క కొమ్ము, అంటే ఒక్క ఉకారం. అందుకే వినగానే అసలు పాట గుర్తొస్తుంది. మూడు, అయిదు, నాలుగు మాత్రల నడక చెదరలేదు కాబట్టి తాళం తప్పదు. రెండో అక్షరం 'ల' ప్రాసగా నిలిచే ఉంది. మాట రెండుసార్లు రావడమనే అలంకారాన్నీ వదల్లేదు. మారింది లోకం ఒక్కటే: ప్రేమలోంచి అప్పులోకి దిగింది. మంచి పేరడీ సూత్రాలన్నీ ఇందులో ఉన్నాయి. పల్లవి తొలి మాట పోలిక నిలవాలి, నడక నిలవాలి, ప్రాస నిలవాలి, భావం మాత్రం ఎత్తు నుంచి నేలకు దిగాలి. ఎన్నికల జీపుల మీద మోగే ప్రచార గీతాలు చాలావరకు తేలిపోవడానికి కారణం ఈ సూత్రాల్లో మొదటిదాన్నే పట్టుకుని మిగతావాటిని వదిలేయడం.

సాహిత్యం ఈ విద్యను ఎప్పుడో గౌరవించింది. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి (1914–1968) పేరడీని తెలుగు కవిత్వ విమర్శకు సాధనంగా మలిచారు. మాచిరాజు దేవీప్రసాద్, శ్రీరమణ ఆ దారిని విస్తరించారు. ఒక కవి శైలిని పేరడీ చేయాలంటే ఆ కవి ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలియాలి, అది విమర్శకుడి పని. 1957లో 'మాయాబజార్' కోసం పింగళి నాగేంద్రరావు 'అస్మదీయులు' పక్కన 'తసమదీయులు' పుట్టించినప్పుడు, సంస్కృత పదం తెలుగు నాలుక మీద ఎలా తిరుగుతుందో చూపించారు. ఆ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. చిత్తూరు జిల్లాలో ద్రౌపది అమ్మవారి గుళ్ల దగ్గర భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. రాజు పాత్ర గంభీరంగా పలికిన మాటను హాస్యగాడు పట్టుకుని పెడర్థం తీస్తాడు. తెల్లవార్లూ జనాన్ని మేలుకొలిపి ఉంచేది ఆ పట్టే.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవే. మొదటిది, కవికి అపచారమని. అన్నమయ్యే తన పాటల ఛాయను ఎత్తుకుని పాడేవాళ్లను ఒక సంకీర్తనలో గట్టిగా మందలించాడని గుర్తుచేస్తారు. నిజమే. అయితే ఆయన కోపం పరాయి పాటను తనదిగా చెప్పుకున్నవాళ్ల మీద. దొంగ మూలాన్ని దాస్తాడు. పేరడీకి మూలం కనబడకపోతే ప్రాణమే ఉండదు. అసలు పాట జనం నోట నిలిచినప్పుడే పేరడీ పుడుతుంది, అందుచేత అది ఆ పాటకున్న ఆదరణకు సాక్ష్యం. రెండో అభ్యంతరం, భాష పాడవుతుందని. మాటను మరోలా విన్నవాడు అసలు మాట తెలిశాక రెండింటినీ గుర్తుంచుకుంటాడు. 'తలపు', 'తలుపు' తేడాను నిఘంటువు కన్నా గట్టిగా ఆ నవ్వు నేర్పుతుంది.

మూడోది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. పేరడీల్లో బూతు ఎక్కువనీ, ఆడవాళ్లనూ కులాలనూ కించపరుస్తాయనీ అంటారు. అలాంటివి ఉన్నాయి, వాటిని సమర్థించకూడదు. కానీ ఈ సీమలోనే దానికి ఒక కొలబద్ద ఉంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, మాతంగి వేషం వంటివి వరుసగా వస్తాయి. వేషం వేసిన భక్తుడు బూతు మాట అనడం అక్కడ మొక్కులో భాగం. దానికి కాలం ఉంది, వేషం ఉంది, హద్దు ఉంది. ఎదురు చెప్పలేని వాడి మీద పగతీర్చుకోవడం ఆ ఆచారం ఉద్దేశం కాదు. హాస్యానికి స్వేచ్ఛ ఇస్తూనే గీత గీయడం మన పెద్దలకు తెలుసు. పేరడీకీ ఇదే పరీక్ష పెట్టాలి: అది బలమున్నవాణ్ణి గిల్లుతోందా, బలహీనుణ్ణి తొక్కుతోందా? అప్పులవాణ్ణి, అధికారిని, ఆడంబరాన్ని గిల్లితే నిలబెట్టుకుందాం. పుట్టుకనూ శరీరాన్నీ వెక్కిరిస్తే వదిలేద్దాం.

ఇక మిగిలింది భద్రపరచడం. సంకీర్తనల పరిష్కారంలో శ్రమించిన వేటూరి ప్రభాకరశాస్త్రే చాటుపద్య మణిమంజరి కూర్చి, జనం నాలుకల మీద తిరుగుతున్న చాటువులను కాపాడారు. భక్తికీ పరాచికానికీ ఒకే శ్రద్ధ చూపిన ఆ దృష్టి మనకు ఆదర్శం కావాలి. ఆయన తమ్ముడి కొడుకు వేటూరి సుందరరామమూర్తి సినిమా పాటలో శ్లేషను ఇంటింటికీ చేర్చారు. ఇప్పుడు పాటతోపాటే తెర మీద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. పాటల పుస్తకం కొనాల్సిన పని లేదు, ఊహించాల్సిన పనీ తగ్గిపోతోంది. మరోలా విన్న పాటలు వాటిని విన్న తరంతోనే పోతాయి. శ్రీవేంకటేశ్వర, పద్మావతి మహిళా, ద్రావిడ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వీటిని సేకరించే పని చేపట్టాలి. ఏ పాట, ఏ ఊరు, ఏ మాట ఎలా వినిపించింది, ఎందుకు అన్న నాలుగు ప్రశ్నలతో విద్యార్థి ఒక పరిశోధన చేయవచ్చు. బడిలో ఛందస్సు చెప్పే ఉపాధ్యాయులు పిల్లలచేత ఒక పల్లవికి నడక చెడకుండా పేరడీ కట్టించాలి, మాత్రల లెక్క ఒక్క పూటలో ఒంటబడుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు మరోలా పాడుకునే పాట ఉంటే సరిదిద్దే ముందు రాసి పెట్టండి.