యంత్రవాటికా చిత్రములు – వాని చిరస్థాయి ప్రతులు

మహాకావ్యలక్షణమును జెప్పిన ఆలంకారికులు నగరము, అర్ణవము, శైలము, ఋతువులు మున్నగు పదునెనిమిది వర్ణనములను విధించిరి. ఆ పట్టికలో కర్మాగారము లేదు. ఉండుటకు వీలును లేదు. ఇరువదవ శతాబ్దమున పాశ్చాత్య చిత్రకారులు కొందఱు పొగగొట్టములు, ఇనుపదారులు, సిమెంటు గోపురములు గల యంత్రవాటికను ప్రకృతిదృశ్యమువలె చిత్రించి ఈ పట్టికను పెంచిరి. ఆ చిత్రములకు నేఁడు చిరకాలము నిలుచునను వాగ్దానముతో ప్రతులు తీయఁబడుచున్నవి. ఆ ప్రతులయందు నిలుచునది యేది, నిలువనిది యేది యను ప్రశ్నను సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతము నెదుట నుంచుకొని విచారింపవలసియున్నది.

ఈ జాతికి లక్ష్యముగా గ్రహింపఁదగినవి అమెరికా దేశీయుఁడగు చార్లెస్ షీలరు చిత్రములు. 1927లో ఆతఁడు ఫోర్డు సంస్థవారి రివర్ రూజ్ కర్మాగారమునకు ఛాయాచిత్రములు దీయుటకై నియుక్తుఁడయ్యెను. ఆ పరిచయమునుండియే 1930లో 'అమెరికన్ లాండ్‌స్కేప్', 1931లో 'క్లాసిక్ లాండ్‌స్కేప్' అను తైలవర్ణచిత్రములు పుట్టినవి. రేఖ సూటిది, నీడ నిశితము, కుంచె జాడ కానరాదు. వస్తువు నున్నదున్నట్లు చెప్పుట స్వభావోక్తి యగుచో వీనిని స్వభావోక్తికి ఉదాహరణముగా జూపవచ్చును. కాని 75 వేలమందికి పైగా పనిచేసిన ఆ స్థలమున, మొదటి చిత్రమందు పట్టాలచెంత అల్పమైన మనుష్యాకృతి యొక్కటి మాత్రమే కానవచ్చును. రెండవదానియందు అదియు లేదు. ఇది అనవధానము కాదు, ఎంపిక. యంత్రమును దేవాలయముగా జూపఁదలఁచి చిత్రకారుఁడు శ్రామికుని గర్భగుడి వెలుపల నిలిపెను. చిత్రమునకు శోభ దీనివలననే కలిగినది. లోపమును దీనియందే యున్నది.

ఇఁక ప్రతుల విచారము. ముద్రితచిత్రము లెల్ల ఒక్క తెగకు జేరవు. రవివర్మ 1894లో బొంబాయియందు నెలకొల్పిన ముద్రణాలయమునుండి వెలువడి తెలుగువారి పూజామందిరములకును జేరిన పటములు, వర్ణచిత్రమునకు రాతియచ్చున దీసిన అనుకరణములు. చిత్రకారుఁడే లోహపురేకుపై గీసి తీసిన ముద్ర యట్టిది కాదు, అదియే మూలము. నేఁటి చిరస్థాయి ప్రతి మొదటి తెగకు జెందినది. మూలమును కంప్యూటరునకు గ్రహించి, సిరాను సన్నని తుంపరలుగా కాగితముపై జిమ్మి దీనిని సిద్ధపఱతురు. 1991లో జాక్ డుగాన్ అను ముద్రకుఁడు దీనికి 'జిక్లే' అని పేరిడెను. నీటఁ గరఁగు రంగునకు మాఱుగా వర్ణకణములు గల సిరాను, కొయ్యగుజ్జునకు మాఱుగా ప్రత్తినారతో జేసిన ఆమ్లరహితమగు కాగితమును వాడుటయే దీని మన్నికకు హేతువు. ఆమ్లము కాగితమున కెంత శత్రువో పండితులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. నూఱేండ్లనాటి పత్రికల పుటలు చేతఁ బట్టినంతనే పొడియగుచున్నవి. అంతకంటె ప్రాచీనములగు తాళపత్రములు నిలిచియున్నవి.

అయినను మన్నిక పదార్థగుణము, రసగుణము కాదు. ప్రతియందు రంగు నిలుచునుగాని మూలమందలి పూఁత మందమును, కొలఁతయు రావు. షీలరు చిత్రములు నునుపైనవి యగుటచే మొదటి నష్టము స్వల్పము. రెండవది స్వల్పము కాదు. రెండడుగుల యెత్తుగల చిత్రమును గోడంత పెంచినచో దాని ప్రశాంతి ఆడంబరముగా మాఱును.

ఈ రీతి చిత్రణమును పటాన్‌చెరువునకు అన్వయించి చూతము. 1970 తరువాత పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారములలో పరిశ్రమలు, విశేషించి ఔషధ పరిశ్రమలు పెరిగినవి. వ్యర్థజలములు నక్కవాగున బడి మంజీరవైపు సాగినవి. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టు కెక్కినది. 2007లో ప్రకటితమైన స్వీడను శాస్త్రజ్ఞుల పరిశోధనమునుబట్టి, అచ్చటి శుద్ధికేంద్రమునుండి వెడలు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవఱకు నుండెను. మందు దినెడి రోగి రక్తమందుండు పరిమాణమును ఇది మించినది. ఆ మందు కంటికి గోచరింపదు. గోపురమును, గొట్టమును, వాని నీడను ఎంత నిశితముగా గీసినను ఈ నేల కథ చిత్రమున కెక్కదు. రూజ్ కర్మాగారమున లోపమైనది యిచ్చట అసత్యమగును.

అట్లైన వేఱొక మార్గము కలదా? పూర్వపు మెదకు జిల్లాలోని నిజాంపురమున 1940లో జన్మించి, బరోడాలో ముద్రణకళ నభ్యసించిన శ్రీ కె. లక్ష్మాగౌడుగారి ముద్రలు ఈ ప్రశ్నకు దారి చూపును. వారు ప్రసిద్ధికెక్కినది కర్మాగారచిత్రణముచే గాదు, పల్లెచేతనే. మైనము పూసిన రేకును సూదితో గీసి ఆమ్లమున ముంచఁగా, గీసినచోటులను ఆమ్లము కొఱుకును. ఆ గంటులలో సిరా నింపి కాగితమున కద్దుదురు. వారి రేఖలయందు మనుష్యుఁడు, మేఁక, చెట్టు ఒకదానితో నొకటి అల్లుకొని యుండును. షీలరు వెలుపల నిలిపిన ప్రాణికోటి ఇచ్చట లోపలికి వచ్చినది. మంజీరాతీరపు యంత్రవాటికను చిత్రింపఁబూనువాఁడు గోపురముల కొలఁతను షీలరునుండియు, ప్రాణుల సాన్నిహిత్యమును ఈ ముద్రలనుండియు నేర్వఁదగును.

చిత్రమునకు సౌందర్యమే ప్రమాణము, వార్త చెప్పుట దాని పని కాదని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆ మాట కొంతవఱకు నిజమే. కాని క్షేమేంద్రుఁడు ఔచిత్యమును కావ్యమునకు జీవితమనెను. అలంకారమైనను తగినచోట నున్నపుడే శోభించును. 2025 జూన్ 30న పాశమైలారమున ఔషధ కర్మాగారమందు పేలుడు సంభవించి నలువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఆ తరువాత నిర్జనమైన యంత్రసౌందర్యమును అచ్చటి గోడకు దగిలించుట ఔచిత్యభంగము. ప్రతిని కొనువారు కాగితమెన్నియేండ్లు మన్నునని యడుగుట న్యాయమే. విమర్శకుఁడు మాత్రము ఆ కాగితముపై ఎవరు మిగిలిరి, ఎవరు తొలఁగింపఁబడిరి యని ముందుగా నడుగవలెను.