తెలంగాణ పోరాట కరపత్రములు: వార్త, ప్రచారము

తెలంగాణ సాయుధపోరాటము (1946–51) నాటి కరపత్రములను వట్టి ప్రచారమని త్రోసివేయుట తగదు. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దేశ్‌ముఖు మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలియయ్యెను. ఆగస్టు 11న వరంగల్లు కోటలో బత్తిని మొగిలయ్యను రజాకార్లు చంపిరి. ఇట్టి వార్తను దెలుపు కరపత్రము ఊరిని, దినమును, మృతుని పేరును తప్పుగా చెప్పుట కష్టము. చదివి వినిపింపవలసినది ఆ యూరివారికే గదా! ఈ భాగమును మేము ప్రమాణముగనే గొందుము. గొఱ్ఱెలకాపరుల యింటివాని పేరు సర్కారు కాగితములలో నిలుచుట అరుదు. కుట్రలను, శత్రునష్టమును వర్ణించుచోట మాత్రము సాక్షి యుండడు, విశేషణములు పెరుగును. అచ్చట ఎదుటిపక్షపు ప్రకటనలతో, 1948 సెప్టెంబరు తరువాతివైనచో ప్రభుత్వ ప్రకటనలతో, సరిచూడక యే యంకెనును స్వీకరింపరాదు.