మృగశిరకు ముందటి మేత

బరువు లాగే జంతువుకు ఎంత తిండి కావాలన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన జవాబుల్లో నమ్మశక్యం కానిదిగా తోచేది అలాస్కా మంచు నుంచి వచ్చింది. అక్కడ దాదాపు 1,600 కిలోమీటర్లు సాగే ఇడిటరాడ్ పందెంలో మంచుబండి లాగే కుక్క, పాతిక కిలోలకు అటూఇటుగా మాత్రమే తూగేది, రోజుకు 10,000 కిలోకేలరీలకు పైగా ఖర్చు చేస్తుందని, ఆ శక్తిలో సగానికి మించి కొవ్వు నుంచే అందాలని పరిశోధనల్లో తేలింది. కర్నూలు, కడప నల్లరేగళ్లలో గుంటక లాగే ఎద్దు ఆ కుక్కకు ఇరవై రెట్ల బరువున్నా, పని ఉన్న రోజున అది వెచ్చించే శక్తి కొట్టంలో ఊరికే నిలబడ్డ రోజు కంటే ఒకటిన్నర రెట్లకు కాస్త అటూఇటుగానే ఉంటుంది. ఇంత చిన్న లెక్కను చూసి ఎద్దును మేపడం సులువనుకునేవారు వేసవిలో సీమ పల్లె కొట్టాన్ని చూడనివారే అయి ఉండాలి.

కుక్కకు చాలకపోతే తిండిలో కొవ్వు పెంచవచ్చు గాని, ఎద్దు విషయంలో ఆ దారి తొందరగానే మూసుకుపోతుంది. నాలుగు అరల పొట్టలో మొదటిదైన పెద్దపొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు చొప్పను పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి, ఆ ఆమ్లాలే ఎద్దుకు ప్రధానమైన ఇంధనం. మేతలో కొవ్వు ఆరేడు శాతం దాటితే ఆ సూక్ష్మజీవులు మందగిస్తాయి, గింజలు ఒక్కసారిగా ఎక్కువ పెడితే పొట్ట పులిసి పశువు పడిపోతుంది. అంటే రైతు మేపేది ముందుగా ఎద్దును కాదు, దాని పొట్టలోని ఆ జీవులను. వాటి పని సాగాలంటే మేతలో కనీసం ఏడు శాతం మాంసకృత్తులు ఉండాలి, ఎండిన జొన్న చొప్పలో ఉండేవి నాలుగు శాతం దరిదాపుల్లోనే; వామి నిండా చొప్ప ఉన్నా ఎద్దు చిక్కిపోవడానికి కారణం ఇదే.

ఆ లోటును పూడ్చేది ఉలవ. ఇరవై శాతానికి పైగా మాంసకృత్తులున్న ఈ గింజ తానిచ్చే బలం ఒక ఎత్తు, చొప్పను అరిగేలా చేయడం ఒక ఎత్తు. పచ్చి ఉలవలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలుంటాయి కనుక, రాత్రి నానబెట్టి, తెల్లవారి పొట్టు పగిలే దాకా ఉడికించి, చల్లారాక తవుడూ చిటికెడు కల్లుప్పూ కలిపి గాడిలో పెట్టే పాత పద్ధతిలో పట్టింపు తప్ప పస లేదనడం తొందరపాటే అవుతుంది. ఉడికిన నీళ్లు మాత్రం ఇంట్లోకి చారుకు పోతాయి, ఒకే కుండ మనిషికీ ఎద్దుకూ సరిపోతుంది. వానలు వెనకబడి చెనిక్కాయ అదను దాటిన ఏడు సీమ రైతు చల్లేది కూడా ఉలవనే కాబట్టి, చొప్ప కరువైన సంవత్సరమే గింజ కాస్త చేతికి దక్కడం ఇక్కడి సేద్యంలోని ఒక వింత.

మంచుదేశంలో తిండి అరిగేటప్పుడు పుట్టే వేడి ఒంటికి మేలు చేస్తుంది. నలభై డిగ్రీలు దాటే మే నెలలో అదే వేడి ఎద్దుకు బరువవుతుంది, పీచు ఎక్కువున్న మేతకు ఆ వేడి మరీ ఎక్కువ. అందుకే పగటిపూట ఎద్దు సరిగా తినదు. పైగా మేతకూ నెమరుకూ కలిపి రోజులో సగానికి పైగా కావాలి, కాడి కింద గడిచిన ప్రతి గంటా అందులోంచే కోసుకుపోతుంది. చల్లబడ్డాక ఒకసారి, తొలికోడి జామున మరోసారి చొప్ప వేసే అలవాటు వెనుక ఉన్నది ఈ లెక్కే.

2022లో పాత కర్నూలు నుంచి విడివడిన నంద్యాల జిల్లాలోని మహానంది వంటి చోట్ల తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీల ఎడ్లది వేరే దారి. పాలపళ్ల విభాగం మొదలు సీనియర్ విభాగం దాకా పళ్లను బట్టి వర్గాలు చేసి, నిర్ణీత నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగాయో కొలిచే ఈ పోటీలకు కొందరు కోడిగుడ్లు, బాదంపప్పు, నెయ్యి పెట్టి మేపుతారు. ఆ మాంసకృత్తుల్లో చాలాభాగాన్ని పెద్దపొట్టలోని జీవులే విరగ్గొట్టేస్తాయి, నెయ్యి ఎక్కువైతే ఆ జీవులకే చేటు. ఆ ఖర్చులో ఎద్దు బలం కంటే యజమాని తృప్తి పాలే ఎక్కువ అనిపిస్తుంది. నిజానికి ఆ ఎడ్లు నిగనిగలాడేది ఏడాది పొడవునా లోటు లేని చొప్పతోనూ, ఉలవ గుగ్గిళ్లతోనూ.

సేద్యపు ఎద్దుకు లేనిది ఆ ఏడాది పొడవే. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటాక వస్తుంది, ముంగారి వానకు మడక కట్టే అత్యంత బరువైన పని అప్పుడే. వామి అడుగంటేది, గడ్డి మాడేది దానికి ముందరి రెండు మూడు నెలలు. కాబట్టి పశువు సన్నగిల్లేది పనిలో కాదు, పని లేని ఎండాకాలంలో. దుక్కి రోజున ఎంత దాణా పెట్టినా మార్చిలో కరిగిన కండ తిరిగి రాదు. కరువు ఏడాదిలో పశుగ్రాస శిబిరాలు ఎండ ముదిరాక గాక ఫాల్గుణంలోనే తెరుచుకోవాలన్న మాటకు ఇంతకంటే వేరే ఆధారం అక్కరలేదు.

ఆకలితో ఉన్న మందకు మొదటి వాన మరో ముప్పు తెస్తుంది. కోసిన జొన్న మోళ్ల నుంచి లేచిన పిలకల్లోనూ, బెట్టకు గిడసబారిన లేత పైరులోనూ పుట్టే సైనైడు విషాన్ని పల్లెల్లో నాము అంటారు. కడుపు మాడిన పశువు ఆత్రంగా మేస్తే గంట లోపే ప్రాణం పోవచ్చు. అందుకే తెలిసిన రైతు వాన పడ్డ మర్నాడు కొట్టంలోనే కట్టేసి, మిగిలిన చొప్ప కడుపు నిండా మేపాకే పలుపు విప్పుతాడు, అప్పుడు కూడా జొన్న మోళ్లున్న చేను వైపు తోలడు.